మొదటి మిడ్‌లో 30కి 9 వచ్చాయి, ఇంటికి వెళ్లిపోవాలనిపిస్తోంది. ఏం చేయాలి?

తర్వాత చదివేవాళ్ల కోసం ముందు ప్రశ్నను క్లుప్తంగా చెప్తాను. అడిగిన అమ్మాయిది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు పల్లె. నాన్నకు కాస్త జీడితోట ఉంది. ఇంటర్‌లో వెయ్యికి 958 వచ్చాయి. అనంతపురంలో బీటెక్ చేరి రెండున్నర నెలలైంది. మ్యాథ్స్ మొదటి మిడ్‌లో (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష) 30కి 9 వచ్చాయి. క్లాసులో నోరు తెరిస్తే యాసకు నవ్వుతున్నారు. రూములో నలుగురున్నా ఎవరితోనూ చెప్పుకోలేకపోతోంది. ఆమె అడిగినవి మూడు. ఇంటికి వెళ్లిపోనా? "ఫ్రెండ్స్‌తో చెప్పుకో" అని అందరూ అంటారు, దానివల్ల నిజంగా ఏమైనా ఒరుగుతుందా? మార్కుల సంగతి నాన్నకు చెప్పాలా?

నేను అనంతపురంలోనే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో 22 ఏళ్లుగా మ్యాథ్స్ చెప్తున్నాను. అందులో తొమ్మిదేళ్లు అమ్మాయిల హాస్టల్‌కు డిప్యూటీ వార్డెన్‌గా కూడా చేశాను. నీది నా స్టూడెంట్ల వయసే కాబట్టి నువ్వు అనే రాస్తాను, ఏమీ అనుకోవద్దు.

సూటిగా చెప్పాలంటే: ఇప్పుడు వెళ్లిపోవద్దు. మొదటి సెమిస్టర్ పరీక్షలు రాసేదాకా ఆ ఆలోచన పక్కన పెట్టు. తోటివాళ్ల సాయం నిజంగానే పనిచేస్తుంది. కానీ మనసులో మాటతో మొదలుపెట్టకు, లెక్కతో మొదలుపెట్టు. నీలాగే ఇబ్బంది పడుతున్న ఇంకో ఇద్దరిని చూసుకుని రోజూ ఒకే టైముకు, ఒకే టేబుల్ దగ్గర గంటన్నర కూర్చో. మిగతా మాటలు వాటంతటవే వస్తాయి. నాన్నకు మాత్రం చెప్పాలి, ఎలాగో చివర్లో రాస్తాను.

ముందు ఆ తొమ్మిది మార్కుల సంగతి తేల్చేద్దాం. నీ కాలేజీ జేఎన్‌టీయూఏ (అనంతపురం జేఎన్‌టీయూ) కింద ఉంటే, సబ్జెక్టుకు మిడ్‌ల నుంచి వచ్చే ఇంటర్నల్ 30, సెమిస్టర్ పరీక్ష 70. రెండు మిడ్‌లలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం లెక్క కడతారు. అంటే రెండో మిడ్‌లో నీకు 24 వస్తే, 24లో 80 శాతం 19.2, తొమ్మిదిలో 20 శాతం 1.8, మొత్తం 21. రెండు మిడ్‌లలోనూ 24 వచ్చి ఉంటే నీ ఇంటర్నల్ 24 అయ్యేది. అంటే ఈ తొమ్మిది వల్ల నువ్వు పోగొట్టుకున్నది మూడు మార్కులు. మూడే. సెమిస్టర్ పరీక్షలో 35 శాతం, అంటే 70కి 25 రావాలి, అదీ ఇదీ కలిపి కనీసం 40 రావాలి. ఇంటర్నల్ 21 ఉంటే నీకు ఆ 25 సరిపోతుంది. సొంతంగా పరీక్షలు పెట్టుకునే అటానమస్ కాలేజీ అయితే నిబంధనల్లో కాస్త తేడా ఉండొచ్చు, రెగ్యులేషన్ పుస్తకం తీసి చూసుకో. నేను ప్రతి ఏడూ మొదటి మిడ్ పేపర్లు ఇచ్చిన రోజు బోర్డు మీద ఈ లెక్క వేస్తాను. సగం క్లాసు మొహాల్లో అప్పటికప్పుడు రంగు మారుతుంది. పోయినవి మూడు మార్కులని వాళ్లకు అప్పటిదాకా ఎవరూ చెప్పి ఉండరు.

ఇక 958 వచ్చిన పిల్లకు తొమ్మిది ఎలా వచ్చాయి? తెలివి తగ్గి మాత్రం కాదు. ఇంటర్‌లో పొద్దున చీకటితో లేపి కూర్చోబెట్టేవాళ్లు, రాత్రి పది దాకా స్టడీ అవర్లు, వారం వారం పరీక్ష, ఏ క్వశ్చన్ పడుతుందో ముందే గుర్తుపెట్టి ఇచ్చిన మెటీరియల్. ఎవరో ఒకరు ఎప్పుడూ వెనక నిలబడి ఉండేవాళ్లు. ఈఏపీసెట్ కోసం మూడు గంటల్లో 160 బిట్లు, అందులో 80 మ్యాథ్స్. నాలుగు ఆప్షన్లలో సరైనది ఎంత తొందరగా పట్టుకుంటావన్నదే అక్కడ విద్య. ఇక్కడ ఆప్షన్లు లేవు. ఖాళీ కాగితం ఇచ్చి మొదటి లైను నుంచి చివరి లైను దాకా నువ్వే రాయాలంటారు. పైగా ఎవరూ లేపరు, ఎవరూ కూర్చోబెట్టరు.

ఇందులో ఇంకో తిరకాసు కూడా ఉంది. మొదటి యూనిట్ మ్యాట్రిసెస్. ర్యాంకు, ఇన్వర్స్ అని బోర్డు మీద కనబడగానే "ఇది ఇంటర్‌లో చేసిందే కదా" అని మంచి మార్కులొచ్చిన పిల్లలే పుస్తకం తెరవరు. రెండు వారాలు అలా గడుస్తాయి. తర్వాత ఐగెన్ వ్యాల్యూలు, కేలీ హామిల్టన్ సిద్ధాంతం, క్వాడ్రాటిక్ ఫామ్‌లు వరసగా మీద పడతాయి. అప్పుడు క్లాసులో సందేహం అడుగుదామంటే, మొదటి నుంచీ ఏమీ అర్థం కాలేదని బయటపడిపోతుందని భయం. ఈ 22 ఏళ్లలో మొదటి మిడ్‌లో నన్ను బేజారు పెట్టిన పేపర్లలో ఎక్కువ భాగం ఇంటర్‌లో 950 దాటినవాళ్లవే. 800 వచ్చిన పిల్లలు మొదటి రోజు నుంచే భయపడుతూ నోట్సు రాసుకుంటారు, వాళ్లు గట్టెక్కుతారు.

ఇక యాస గురించి. దీన్ని నువ్వు ఒక వాక్యంలో రాసి వదిలేశావు గానీ, నాకు తెలిసి అసలు ముడి ఇక్కడే ఉంది.

నాది ప్రొద్దుటూరు. ఎమ్మెస్సీకి విశాఖపట్నం వెళ్లాను. మొదటి రోజు హాస్టల్లో ఒకమ్మాయిని "యాడికి పోతాండావు?" అని అడిగితే వరండా అంతా నవ్వింది. అంతే, నెల రోజులు నేను మాట్లాడటం మానేశాను. రియల్ అనాలిసిస్ అనే మ్యాథ్స్ సబ్జెక్టు ముక్క అర్థం కాక, అడగడానికి నోరు రాక, మెస్‌లో గబగబా తినేసి రూముకు పరుగెత్తేదాన్ని. చివరికి నాతో మాట కలిపింది పార్వతీపురం అమ్మాయి. ఆమె యాసకు విశాఖ వాళ్లు నా యాసకన్నా ఎక్కువ నవ్వేవాళ్లు. ఆమె నాకు అనాలిసిస్ చెప్పేది, నేను ఆమెకు ఇంగ్లిష్ దరఖాస్తులు రాసిపెట్టేదాన్ని. ఒంటరిగా ఉన్నావా అని ఆమె నన్ను ఎప్పుడూ అడగలేదు. "ఈ సిద్ధాంతం నీకేటైనా అర్థమైందేటి?" అని అడిగింది. నాకు అర్థం కాలేదని చెప్పడం ఎంత హాయిగా అనిపించిందో!

ఇప్పుడు మా హాస్టల్లో దానికి తిరగేసిన కథ చూస్తుంటాను. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ దిగి వచ్చే మీ ఉత్తరాంధ్ర పిల్లలు మొదట్లో నోరు విప్పరు. ఒకసారి ఒకమ్మాయి ఇంటికి ఫోన్ చేసి వచ్చి, "మా గుంట ఏడుస్తంది" అని కళ్లు తుడుచుకుంది. మీ వైపు గుంట అంటే చిన్నపిల్ల కదా. మా వైపు గుంట అంటే గొయ్యి. రూములో ఉన్న ధర్మవరం అమ్మాయి అయోమయంగా "గుంట ఎట్ల ఏడుస్తుంది?" అంది. కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఆ తర్వాత రూము గోడ మీద ఒక కాగితం అతికించి, రెండు వైపులా మాటలు రాయడం మొదలుపెట్టారు. మీ బేగి మా బిన్నా ఒకటే, రెండూ త్వరగా అనే. మీ చోడి మా రాగి ఒకటే. అది తెలిశాక మీవాళ్లకు మెస్‌లో సంగటి ముద్ద మీద భయం సగం పోయింది (ఊరిబిండి అనే మా పచ్చడి కారం మీద భయం మాత్రం నాలుగో సంవత్సరం దాకా పోదు). నవ్వినవాళ్లందరూ చెడ్డవాళ్లు కారు. చాలామంది మొదటిసారి విన్నారు కాబట్టి నవ్వుతారు. రెండోసారి నువ్వూ నవ్వి, "మీరు యాడ అంటే మాకూ నవ్వొస్తుంది" అని చూడు, సగం మంది అక్కడే ఫ్రెండ్సవుతారు.

కానీ ఎవరైనా నిన్ను నిలబెట్టి "మీ యాసలో మాట్లాడు, పాట పాడు" అని బలవంతపెడితే అది సరదా కాదు, ర్యాగింగ్. ఆంధ్రప్రదేశ్‌లో 1997 నుంచి దానికి ప్రత్యేక చట్టమే ఉంది, యూజీసీ నిబంధనలు 2009లో వచ్చాయి. 1800-180-5522 యూజీసీ హెల్ప్‌లైన్. అప్పుడు నవ్వి ఊరుకోకు.

ఇప్పుడు టేబుల్ సంగతి, కాస్త వివరంగా.

"నాకు టెన్షన్‌గా ఉంది, నాతో మాట్లాడు" అని రెండున్నర నెలల పరిచయమున్న మనిషితో అనడం చాలా కష్టం. నాకు యాభై దగ్గరపడుతున్నా ఇప్పటికీ కష్టమే. "ఈ లెక్క రెండో స్టెప్పు అర్థం కాలేదు, నీకు తెలుసా?" అనడం తేలిక. పరువు పోదు. ఎదుటివాళ్లకూ జవాబు చెప్పడం తేలిక. లెక్క తెలిస్తే చెప్తారు, తెలియకపోతే "నాకూ రాలేదు" అంటారు. ఆ రెండో జవాబు కోసమే నువ్వు అడగాలి. "నాకూ రాలేదు" అన్న మనిషి దొరికితే నీ టేబుల్‌కు రెండో కుర్చీ దొరికినట్టే.

టాపర్ దగ్గరకు వెళ్లకు. ఇది నా అనుభవం, ఒప్పుకోనివాళ్లు ఉంటారు. క్లాస్ ఫస్ట్ అమ్మాయికి ఆ లెక్క ఒకప్పుడు తనకూ రాలేదన్న సంగతి గుర్తుండదు. "ఇది ఈజీ కదా" అంటుంది, పాపం చెడు ఉద్దేశంతో కాదు. ఆ ఒక్క మాటతో నువ్వు మళ్లీ నెల రోజులు నోరు మూసుకుంటావు. పోయిన వారమే ఆ లెక్క నేర్చుకున్న మనిషి కావాలి నీకు. ఎక్కడ జారిపడిందో ఆ అమ్మాయికి ఇంకా గుర్తుంటుంది.

ముగ్గురు, మహా అయితే నలుగురు. ఐదో మనిషి వస్తే కబుర్లే. చోటు రూము వద్దు, మంచం కనబడితే నిద్రొస్తుంది. మా హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక మెస్ హాలు ఖాళీగా ఉంటుంది, ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా ఒక మూల టేబుల్ పట్టుకునేవాళ్లు. ఫోన్లు ఒక స్టీలు డబ్బాలో పెట్టి మూత వేస్తారు. మొదటి ముప్పావు గంట ఎవరి లెక్కలు వాళ్లు చేసుకోవాలి, మాటల్లేవు. తర్వాత ఒక్కొక్కరూ ఒక్క లెక్క, పుస్తకం మూసి, మిగతావాళ్లకు చెప్పాలి. తెలుగులోనే చెప్పుకోండి, అందులో తప్పులేదు. పేపర్ మీద రాసేటప్పుడు ఇంగ్లిష్‌లో రాస్తే చాలు.

పుస్తకం మూసి చెప్పమనడం ఊరికే కాదు. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు సైకాలజిస్టులు అమెరికాలో కాలేజీ విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం, చదివింది చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు వాళ్లను దాటేశారు. మిడ్ ముందు రాత్రి నోట్సు నాలుగుసార్లు తిరగేసి "అంతా వచ్చేసింది" అనుకుని హాల్లో చేతులెత్తేసే పిల్లలను చూసినప్పుడల్లా నాకు ఆ ఐదు నిమిషాల పరీక్షే గుర్తొస్తుంది.

ఇలాంటి టేబుల్ ఒకటి నా కళ్లముందే పుట్టింది. ముగ్గురు అమ్మాయిలు, ఒకరిది ఆళ్లగడ్డ, ఒకరిది ఒంగోలు దగ్గర, ఇంకొకరిది మీ జిల్లానే. వాళ్లను కలిపింది లెక్క కూడా కాదు, డ్రాఫ్టర్. ఇంజనీరింగ్ గ్రాఫిక్స్‌లో బొమ్మలు గీయడానికి డ్రాఫ్టర్ అనే పరికరం కొనుక్కోవాలి. ముగ్గురిలో ఒకరి దగ్గరే ఉండేది. షీటు గీయడానికి వంతులు వేసుకుని ఒక టేబుల్ చుట్టూ చేరారు. ఒకరు గీస్తుంటే మిగతా ఇద్దరూ ఖాళీగా ఎందుకని మ్యాథ్స్ తీశారు. మూడు వారాల తర్వాత ఒక రాత్రి ఆళ్లగడ్డ అమ్మాయి, కాలేజీలో చేరకముందు వాళ్ల జేజి (నాయనమ్మ) చనిపోతే పరీక్షల వల్ల వెళ్లలేకపోయానని చెప్పి ఏడ్చింది. ఆ మాట ఆమె చేరిన రోజు నుంచీ మోస్తోంది. "షేర్ చేసుకో" అని నేను రెండుసార్లు ఆఫీసు గదిలోకి పిలిచి కూర్చోబెడితే "ఏం లేదు మేడమ్, బాగున్నా" అంది. టేబుల్ దగ్గర ఎవరూ అడగకుండానే చెప్పింది.

నీ రెండో ప్రశ్నకు జవాబు ఇదే. ఒరుగుతుంది. కానీ ఇందులో రెండు గోతులున్నాయి, రెండూ నేను చూసినవే.

మొదటిది, ఏడుపు క్లబ్బు. ఒక ఏడాది రెండో అంతస్తులో ఆరుగురు అమ్మాయిలు రోజూ రాత్రి ఒక రూములో చేరేవాళ్లు. ఒకరినొకరు ఓదార్చుకుంటున్నారు, మంచిదే కదా అని నేను కూడా మురిసిపోయాను. రాత్రి రెండు దాకా ఆ లెక్చరర్ బాగా చెప్పడు, ఈ కాలేజీ బాగాలేదు, మన బతుకు ఇంతే. పొద్దున క్లాసులో నిద్ర. రెండో మిడ్‌లో ఆరుగురికీ మొదటిదానికన్నా తక్కువొచ్చాయి. ఒకరి దిగులు ఆరుగురికీ అంటుకుంది. చెప్పుకోవద్దని కాదు, దానికి ముగింపు టైము ఉండాలి. ఒక అరగంట, ఆ తర్వాత "సరే, రేపు పొద్దున మనం చేసే పని ఏంటి?" అని ఎవరో ఒకరు అడగాలి. లెక్చరర్ దగ్గరికి ముగ్గురం కలిసి వెళ్దాం, రికార్డు పూర్తి చేద్దాం, ఏదో ఒక చిన్న పని. అది తేలకుండా లైటు ఆపకూడదు.

రెండోది దీనికన్నా పెద్దది, నా తప్పు కూడా ఉన్నది. ఒక రూములో ముగ్గురు అమ్మాయిలు నాలుగో అమ్మాయిని నెల రోజులు వంతులవారీగా కనిపెట్టుకుని ఉన్నారు. ఒకరు నిద్రపోతే ఒకరు మేలుకునేవాళ్లు. ఆ అమ్మాయి తనకు బతకాలని లేదని వాళ్లతో చెప్పి, ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకుంది. పొద్దున టిఫిన్ దగ్గర ఆ ముగ్గురి కళ్లు ఎర్రగా ఉండేవి. నేను రోజూ చూశాను. పరీక్షలు దగ్గరపడ్డాయి, చదువుకుంటున్నారు అనుకున్నాను. ఒక్కసారి పక్కకు పిలిచి అడిగి ఉంటే నెల ముందే తెలిసేది. చివరికి ముగ్గురిలో ఒకరు జ్వరంతో పడిపోయి, నా దగ్గర ఏడ్చి చెప్పింది. వాళ్లమ్మను పిలిపించాం, సైకియాట్రీ డాక్టరు దగ్గర చూపించాం, ఆ అమ్మాయి కొన్ని నెలలు ఇంట్లో ఉండి మళ్లీ వచ్చింది, ఒక ఏడాది ఆలస్యంగా బీటెక్ పూర్తి చేసింది. కాపలా ఉన్న ముగ్గురికీ ఆ సెమిస్టర్‌లో తలా ఒక సబ్జెక్టు పోయింది.

కాబట్టి ప్రాణానికి సంబంధించిన రహస్యం రహస్యం కాదు. నీతో ఎవరైనా అలాంటి మాట అంటే, లేదా అలాంటి అనుమానం వస్తే, నేరుగా అడుగు: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అలా అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందని చాలామంది భయపడతారు. అలా ఏమీ కాదు, అడగడం వల్ల వాళ్లకు గుండె భారం దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకు, ఆ రాత్రే వార్డెన్‌కో ఇంట్లోవాళ్లకో చెప్పు. 14416 టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. అనంతపురం సర్వజన ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది, అక్కడికి తీసుకెళ్లినంత మాత్రాన పిచ్చి అని ఎవరూ ముద్ర వేయరు. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతి కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఒకరైనా ఉండాలని చెప్పింది. మీ కాలేజీలో ఎవరో, ఏ గదిలో కూర్చుంటారో అవసరం రాకముందే కనుక్కుని పెట్టుకో. ఇదంతా నీ ఫ్రెండ్ కోసం రాసినట్టుంది గానీ, నీకూ వర్తిస్తుంది. నీ ప్రశ్నలో అలాంటి మాట కనబడలేదు. ఉంటే మాత్రం టేబుల్, లెక్కలు అన్నీ తర్వాత, ముందు ఆ నంబరుకు ఫోన్ చెయ్యి.

ఫ్రెండ్ తన బాధ చెప్పుకుంటున్నప్పుడు ఎలా వినాలో కూడా ఒక మాట. "ఇంతదానికేనా" అనకు. "నాదైతే ఇంకా ఘోరం" అని నీ కథ ఎత్తుకోకు. విన్నది క్లాసు వాట్సాప్ గ్రూపులోకి వెళ్లకూడదు. మావాళ్లలో బాగా వినేవాళ్లందరిదీ ఒకటే పద్ధతి, ఎదుటివాళ్లు ఆగాక ఇంకో మూడు నిమిషాలు కూడా వాళ్లు ఏమీ మాట్లాడరు. టీ తెచ్చిపెడతారు.

ఇక ఇంటికి వెళ్లే సంగతి. బెంగ వచ్చినప్పుడల్లా ఇంటికి వెళ్లొస్తే తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. పక్కన గుత్తి, తాడిపత్రి పిల్లలకు కుదురుతుంది, శనివారం సాయంత్రం వెళ్లి సోమవారం పొద్దున వస్తారు. నీకు రానూ పోనూ ప్రయాణానికే దాదాపు రెండు రోజులు. వారం కన్నా తక్కువ వెళ్లలేవు. సెమిస్టర్ పదహారు వారాలనుకుంటే నాలుగు వారాలు పోతే హాజరు సరిగ్గా 75 శాతం దగ్గర ఆగుతుంది. 65కూ 75కూ మధ్య పడితే కారణం చూపించి ఫీజు కట్టి బతిమాలుకోవాలి, 65 కన్నా తగ్గితే డీటెయిన్, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. పైగా వెళ్లొచ్చాక మొదటి మూడు రోజులు బెంగ మొదటికన్నా ఎక్కువుంటుంది. దీన్ని ఏ వార్డెన్‌ను అడిగినా చెప్తారు. మొదటి సెమిస్టర్‌లో ఒక్క పండక్కి వెళ్లు, మధ్యలో వద్దు. ఫోన్ కూడా రోజుకు ఒక్కసారి, రాత్రి టేబుల్ నుంచి లేచాక చెయ్యి. పొద్దున్నే చేస్తే రోజంతా కళ్లలో నీళ్లే.

అందరూ ఉండిపోవాల్సిందే అని కూడా నేను అనను. ఒకమ్మాయి మొదటి సెమిస్టర్ మొత్తం టేబుల్ దగ్గర కూర్చుంది, అన్ని సబ్జెక్టులూ పాసైంది కూడా. అయినా నా దగ్గరకు వచ్చి, "నాకిది వద్దు మేడమ్, నర్సింగ్ చదువుతా" అంది. నాన్న ఒక్కడి కోసం బీటెక్‌లో చేరిందట. నేనే వాళ్ల నాన్నతో మాట్లాడాను. ఆమె వెళ్లింది, ఇప్పుడు కర్నూలులో పనిచేస్తోంది, సంతోషంగా ఉంది. ఆమె పాసయ్యాక వద్దనుకుంది. నువ్వు తొమ్మిది మార్కులు చూసి వద్దనుకుంటున్నావు. అందుకే సెమిస్టర్ ఫలితాల దాకా ఆగమంటున్నాను. అప్పుడు కూడా ఇలాగే అనిపిస్తే మళ్లీ ఇక్కడే అడుగు, జవాబు వేరేగా చెప్తానేమో.

చివరిగా నాన్న. చెప్పు, దాచకు. దాచావంటే ఫోన్ చేసిన ప్రతిసారీ ఆయన మార్కుల మాట ఎత్తుతారేమోనని భయపడతావు, నెమ్మదిగా ఫోన్ చేయడమే తగ్గిస్తావు. ఆయన హాస్టల్ డబ్బు కట్టిన మనిషి, ఇంకో రకంగా తెలిస్తే ఎక్కువ బాధపడతారు. అయితే మార్కు ఒక్కటే చెప్పి వదిలేయకు, అడ్డూ అదుపూ లేని భయం వేస్తుంది ఆయనకు. "నాన్నా, ఒక పరీక్షలో 30కి తొమ్మిదొచ్చాయి. రెండోది బాగా రాస్తే పోయేవి మూడే మార్కులు. ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి రోజూ చదువుతన్నాను" అని మీ యాసలోనే, ఈ మూడు ముక్కలు ఒకే దమ్మున చెప్పెయ్యి. ఇద్దరు ఫ్రెండ్స్ నిజంగా దొరికాకే చెప్పు సుమా, అందుకే ముందు టేబుల్, తర్వాత ఫోన్.

ఆయన కాసేపు ఏమీ మాట్లాడకపోతే కంగారుపడి పెట్టేయకు. విశాఖలో ఎస్‌టీడీ బూత్ నుంచి నేను మా నాన్నకు అనాలిసిస్ తప్పానని చెప్పినప్పుడు, మీటరు తిరుగుతూనే ఉంది, ఆయన ఎంతసేపటికీ పలకలేదు. కోప్పడతాడని రిసీవర్ చెవికి కాస్త దూరంగా పట్టుకున్నాను. తర్వాత, "బూత్‌లో ఉన్నావే, రూముకు పోయేప్పుడు తోడెవరన్నా ఉండారా?" అన్నాడు. పార్వతీపురం అమ్మాయి బయట నిలబడి ఉంది. ఉందని చెప్పాను.